గుడ్లమ్మ చెప్పిన తప్పు

ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఆవిడ "గుడ్లతో పని" అనేది. పక్కింట్లో కొత్తగా దిగినవాళ్లు కోళ్ల ఫారం అనుకుని, డజను గుడ్లు మాకూ తెచ్చిపెడతారా అని అడిగారు కూడా. అలా పడిన పేరు గుడ్లమ్మ. ఆసుపత్రిలో నేల తుడిచే మనిషి నుంచి పెద్ద డాక్టరు దాకా మొదట్లో వెనకాల అనేవారు, తరవాత ముఖం మీదే పిలిచేవారు. ఆవిడా పలికేది.

అది పిల్లలు కలగనివాళ్లకు వైద్యం చేసే ఆసుపత్రి. రెండో అంతస్తులో కిటికీల్లేని ఒక గదిలో ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని. ఆడవాళ్ల నుంచి తీసిన అండాలు గాజు డిష్‌లో వస్తాయి. వెంట్రుక కంటే సన్నని గాజు గొట్టంతో ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని ఎక్కించి, ఇంక్యుబేటర్‌లో పెట్టి, అయిదారు రోజులు పెంచాలి. గదిలో మాట్లాడకూడదు, అత్తరు పూసుకోకూడదు, తలుపు ఊరికే తెరవకూడదు. ఆవిడకు ఆ కట్టుబాట్లన్నీ హాయిగానే ఉండేవి.

ఆ పనిలోకి రావడానికి కారణం తమ్ముడు. తల్లికి నలభై మూడేళ్లప్పుడు పుట్టాడు, ఒక క్రోమోజోము ఎక్కువతో. మాట ఆలస్యం, నడక ఆలస్యం. కడుపుతో ఉండగా ఆరో నెలలో బట్టలారేసి దిగుతూ తల్లి మెట్ల మీద జారిపడింది. అందుకే పిల్లాడు ఇలా పుట్టాడని చుట్టాలన్నారు, తల్లీ నమ్మింది. గుడ్లమ్మ కాలేజీలో చేరాక, క్రోమోజోముల పాఠం విన్న రోజు సాయంత్రమే ఇంటికొచ్చి తల్లిని పట్టుకుంది. తల్లి ఇస్త్రీ చేస్తోంది.

"అమ్మా, నువ్వు పడినందుకు కాదే. నువ్వు పడేనాటికి వాడికి ఆరు నెలలు. ఇది వాడు మొదలవకముందే, అండంలోనే జరిగిపోయింది."

తల్లి ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "అండంలో అంటే? నేనేం తిన్నాను అప్పుడు?"

"ఏమీ తినలేదు. ఆడపిల్ల ఇంకా తల్లి కడుపులో ఉండగానే దాని అండాలన్నీ తయారైపోతాయి. నువ్వు అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడు తయారైంది, వాడి అండం. లోపల క్రోమోజోములు జంటలుగా ఒకదాన్నొకటి పట్టుకుని ఆగిపోతాయి. నలభై ఏళ్లు అలాగే పట్టుకుని ఉండాలి. ఉండగా ఉండగా పట్టు సడలుతుంది. విడిపోవాల్సిన రోజున చెరోవైపు పోకుండా రెండూ ఒకవైపే పోతాయి. అంతే."

తల్లి కుర్చీలో కూర్చుంది. "ఏడేళ్లుగా ఆ మెట్లెక్కలేదే నేను," అంది.

తల్లి పోయి చాలా కాలమైంది. తమ్ముడిప్పుడు ముప్పై నాలుగేళ్లవాడు, అక్క దగ్గరే ఉంటాడు. ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెడతాడు. టీ చేతికందేదాకా లేవడు కాబట్టి ఇంట్లో వాడి పేరు దొర. దుప్పటి మూలలు కలవకపోతే మేనేజరునైనా నిలబెట్టి దులిపేస్తాడు. అక్క మడతపెట్టిన చొక్కా ఏనాడూ తొడుక్కోలేదు, విప్పి మళ్లీ తనే పెట్టుకుంటాడు.

గుడ్లమ్మకు నలభై ఏడేళ్లు వచ్చిన ఏడాది, ఒక మంగళవారం ఉదయం, బస్సు డ్రైవరమ్మ అండాలు ల్యాబ్‌కు వచ్చాయి. ఆసుపత్రి వీధి గుండా పోయే బస్సే నడుపుతుందావిడ. ముప్పై తొమ్మిదేళ్లు. భర్త టైల్స్ పరిచే మేస్త్రీ. అంతకుముందు రెండు గర్భాలు మూడో నెల రాకుండానే పోయాయి. ఇదే ఆఖరు ప్రయత్నమని ఇద్దరూ అనుకుని వచ్చారు. పనికొచ్చే అండాలు ఎనిమిది దొరికాయి. నాలుగు ఒక డిష్‌లో, నాలుగు ఇంకో డిష్‌లో పెట్టింది గుడ్లమ్మ. రెండో డిష్ ఇంక్యుబేటర్‌లోనే ఉంచి, మొదటిది మైక్రోస్కోప్ కిందకి తెచ్చింది.

మైక్రోస్కోప్‌కు వేడి పలక ఉంటుంది. డిష్ దాని మీద కూర్చుంటుంది. పలక ఎప్పుడూ ముప్పై ఏడు డిగ్రీలు ఉండాలి, ఒంటి వేడంత. ఎందుకంటే ఆ దశలో అండం సగం పనిలో ఆగి ఉంటుంది. క్రోమోజోములను విడదీసే సన్నని దారాల కట్ట ఒకటి లోపల సిద్ధంగా ఉంటుంది. దాన్ని కదురంటారు. వీర్యకణం లోపలికి రాగానే కదురు ఆఖరి లాగుడు లాగుతుంది. చల్లదనం తగిలితే ఆ దారాలు కరిగిపోతాయి. మళ్లీ వేడి తగిలితే కట్టుకుంటాయి గానీ, క్రోమోజోములన్నీ మునుపటి చోటికే వచ్చి చేరాయన్న భరోసా లేదు.

ఒకరకం వెలుతురు కింద చూస్తే కదురు తెల్లటి గీతలా కనిపిస్తుంది. గుడ్లమ్మ పని మొదలుపెట్టేముందు నాలుగింటినీ అలా చూసుకుంది. మూడింటిలో గీత ఉంది. నాలుగోదానిలో లేదు, వయసును బట్టి అదీ మామూలే. మొదటి అండంలోకి వీర్యకణం ఎక్కించింది. రెండోదాన్ని గాజు గొట్టంతో పట్టి తిప్పింది. గీత లేదు.

ఇంకోవైపు తిప్పింది. లేదు. కొన్ని నిమిషాల క్రితం ఇక్కడే చూసింది, గడియారంలో అయిదో అంకె దిక్కుకు వాలి ఉంది. మూడోదాన్ని చూసింది. అందులోనూ లేదు.

చేతులు పలక మీద నుంచి తీసేసింది. ఇరవై రెండేళ్లలో ఆవిడ నేర్చుకున్న మొదటి పాఠం, ఏమీ తెలియనప్పుడు ఏమీ చేయకపోవడం. పలక పక్కన అంకెలు చూసింది. ముప్పై ఏడు, పచ్చగా వెలుగుతోంది. డిష్‌ను ఇంక్యుబేటర్‌లో పెట్టేసి, గడియారం చూసి కాగితం మీద రాసుకుంది. డిష్ బయట ఉన్నది పన్నెండు నిమిషాలు.

సొరుగులో తీగ థర్మామీటర్ ఉంది. ఖాళీ డిష్‌లో నీటి బొట్టు వేసి, పైన నూనె పోసి, పలక మీద పెట్టి, తీగ కొసను బొట్టులో ముంచింది. అంకె నెమ్మదిగా ఎక్కి ముప్పై ఒకటి దగ్గర ఆగింది. ఆవిడ ఇంకో రెండు నిమిషాలు చూసింది. ముప్పై ఒకటే. పక్కన పలక మాత్రం ముప్పై ఏడంటూ వెలుగుతూనే ఉంది.

పాత పలక గాజు పగిలిందని మెషీన్ల మనిషి వచ్చి కొత్తది వేసి వెళ్లాడు. అది ఎప్పుడని రిజిస్టర్ తీసి చూసింది. తొమ్మిది రోజుల క్రితం. కొత్త పలక వేసిన రోజున తీగ థర్మామీటర్ పెట్టి చూడాల్సింది తనే. ఆ రోజు అంకె చూసి సంతకం పెట్టేసింది. సంతకం ఎదురుగానే ఉంది.

పక్క గదిలో పాత మైక్రోస్కోప్ ఉంది. దాని పలక వేడెక్కించి, కొలిచి, మళ్లీ కొలిచి, అప్పుడు పని మొదలుపెట్టింది. చలి తగలని నాలుగూ ముందు పూర్తిచేసింది. అరగంట తరవాత చలి తగిలినవాటిని చూస్తే రెండో, మూడో అండాల్లో గీత సన్నగా తిరిగొచ్చింది. వాటితోపాటు నాలుగోదానికీ పని పూర్తిచేసి, ఏది ఏ డిష్‌లోదో చెరిగిపోని సిరాతో గుర్తులు పెట్టి, పెద్ద డాక్టరుకు ఫోన్ చేసింది.

పెద్ద డాక్టరు చెడ్డ మనిషి కాదు. ఆ ఆసుపత్రిని రెండు గదులతో మొదలుపెట్టి పైకి తెచ్చినవాడు. మెట్లెక్కి వచ్చి, థర్మామీటర్ తనే పెట్టి చూసుకుని, గోడకానుకుని నిలబడ్డాడు.

"పన్నెండు నిమిషాలే కదా. మళ్లీ కట్టుకుంటుంది."

"కట్టుకుంది డాక్టరుగారూ, రెండింటిలో. సరిగ్గా కట్టుకుందో లేదో నాకు తెలీదు, మీకూ తెలీదు."

"ఆవిడకి ముప్పై తొమ్మిది. ఎనిమిదింటిలో నాలుగో అయిదో ఎలాగూ తప్పుతాయి. చలివల్ల తప్పిందో వయసువల్ల తప్పిందో మనం చేయించే పరీక్ష చెప్పదు. ఏమని చెప్తాం?"

"జరిగింది చెప్దాం."

"చెప్దాం, వద్దన్నానా? ముందు ఫలితాలు రానివ్వండి. ఉత్తపుణ్యానికి ఆ పిల్లని ఇప్పుడే బెంబేలెత్తించడం దేనికి?"

గుడ్లమ్మ ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో తరవాత చాలాసార్లు ఆలోచించింది. మంచి మాటలాగే వినిపించింది. తన సంతకం కూడా ఆ రిజిస్టర్‌లో ఉంది. పలకకు మాత్రం తాడు చుట్టి, ముట్టుకోవద్దని కాగితం అంటించింది.

అయిదు రోజుల్లో ఎనిమిదింట్లో అయిదు పిండాలు నిలబడ్డాయి. ఒక్కోదాని నుంచి నాలుగైదు కణాలు గిల్లి క్రోమోజోముల లెక్క చూడమని పంపించారు. జవాబు రావడానికి తొమ్మిది రోజులు.

ఆ తొమ్మిది రోజుల్లో ఒకనాటి ఉదయం గుడ్లమ్మ పరధ్యానంగా బస్సెక్కింది. తల ఎత్తేసరికి స్టీరింగ్ దగ్గర డ్రైవరమ్మ.

"రండి మేడమ్, ముందు సీటు ఖాళీగా ఉంది, కూర్చోండి. మావాళ్లెలా ఉన్నారు?"

"అయిదు నిలబడ్డాయమ్మా. ఫలితం రావాలి."

"అయిదుగురా! బస్సు చాలదేమో." డ్రైవరమ్మ నవ్వి, అద్దంలో వెనక చూసుకుని బండి కదిలించింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గొంతు తగ్గించింది. "ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. పదిహేనేళ్లుగా ఇంజిను పక్కన కూర్చుంటున్నాను. ఈ వేడికీ కుదుపుకీ గుడ్లు పాడైపోయాయని మా అత్తయ్య అంటుంది. ముందు రెండూ పోయింది అందుకేనా?"

"కాదు," అంది గుడ్లమ్మ. అన్న తీరుకు వెనక సీటు మనిషి తలెత్తి చూశాడు. "అది కాదు. ఇంజినుకీ దానికీ సంబంధం లేదు."

"మరెందుకు?"

పచ్చ లైటు వెలిగింది. వెనక బండ్లు హారన్ కొట్టాయి. గుడ్లమ్మ దిగాల్సిన చోటికి ఇంకా రెండు స్టాపులున్నాయి, అయినా ముందరి స్టాపులోనే దిగిపోయింది. మిగతా దూరం నడిచి వెళ్లింది. మెట్లెక్కని తల్లి ఆ దారంతా గుర్తొస్తూనే ఉంది.

ఆ సాయంత్రం కూర అడుగంటింది. దొర గిన్నెలోకి చూసి, "అక్కా, నీ ధ్యాస ఇక్కడ లేదు. నేను బ్రెడ్డు తింటా," అని తేల్చేశాడు.

ఫలితాలు వచ్చిన రోజు పెద్ద డాక్టరు తన గదికి పిలిచాడు. కాగితం ముందుకు తోశాడు. ఆయన ముఖం తేలికపడి ఉంది.

చలి తగలని డిష్ నుంచి మూడు పిండాలు. మూడింట్లోనూ క్రోమోజోములు తప్పాయి. ఒకదాంట్లో పదహారోది లేదు, ఒకదాంట్లో ఇరవై రెండోది ఎక్కువ, ఇంకోదాంట్లో రెండు చోట్ల తేడా. చలి తగిలిన డిష్ నుంచి రెండు. మొదటి అండం తప్పింది. మూడో అండం నుంచి వచ్చింది మాత్రం లెక్క సరిగ్గా ఉంది.

"చూశారా," అన్నాడాయన. "చలి తగలనివి మూడూ పోయాయి. తగిలినదాంట్లోదే నిలబడింది. ఇంక చెప్పడానికేముంది? చెప్తే ఉన్న ఆ ఒక్కదాని మీదా వాళ్లకి అనుమానం పుడుతుంది."

గుడ్లమ్మ కాగితం మళ్లీ మొదటి నుంచి చదివింది. ఆయనన్న మాటలో అబద్ధం లేదు. కానీ మొదటి అండం ఎందుకు తప్పిందో ఆ కాగితంలో లేదు. పిండం దాకా రాని రెండో అండం, నాలుగో అండం సంగతి అసలే లేదు.

దంపతులు లోపలికొచ్చి కూర్చున్నారు. మేస్త్రీ గోళ్ల చుట్టూ సిమెంటు తెల్లగా ఉంది. పెద్ద డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. అయిదింటిలో ఒకటి బాగుంది, దాన్ని లోపల పెడదాం, మిగతావి పనికిరావు.

డ్రైవరమ్మ చేతిసంచీని ఒళ్లో గట్టిగా పట్టుకుంది. "నాలుగు తప్పాయంటే నా వల్లేనా డాక్టరుగారూ?"

"ఎవరి వల్లా కాదమ్మా. వయసు. అండంలో పట్టు సడలుతుంది. అంతే."

ఒకప్పుడు తల్లికి తను చెప్పిన మాటలే అవి. అప్పుడు ఆ "అంతే" నిజం.

"ఇంకొకటుంది," అంది గుడ్లమ్మ.

పెద్ద డాక్టరు ఆవిడ వైపు తిరిగాడు. ఆవిడ ఆయన్ని చూడకుండా, డ్రైవరమ్మను చూస్తూ చెప్పింది. కొత్త పలక సంగతి, ముప్పై ఒక్క డిగ్రీలు, పన్నెండు నిమిషాలు, నాలుగు అండాలు. చలివల్ల లోపలి దారాలు కరుగుతాయని, తిరిగి కట్టుకున్నా తప్పు జరగొచ్చని. చలి తగలనివి కూడా తప్పాయని. బాగున్న ఒక్కటీ చలి తగిలినదాంట్లోదేనని. మొదటిదానికి ఏమైందో, రెండు అండాలు ఎందుకు ఆగిపోయాయో ఎవరూ చెప్పలేరని. పలక వేసిన రోజు కొలవాల్సింది తనేనని, కొలవలేదని.

మేస్త్రీకి సగమే అర్థమైంది. "అంటే, మా పిల్లల్ని చల్లారబెట్టేశారా?" అన్నాడు మెల్లగా.

గుడ్లమ్మ జవాబు చెప్పేలోగా డ్రైవరమ్మ అడిగింది. "ఆ రోజు బస్సెక్కారు కదా. అప్పటికి మీకు తెలుసా?"

"తెలుసు."

"నేను ఇంజిను గురించి అడిగినప్పుడు."

"తెలుసమ్మా."

డ్రైవరమ్మ లేచింది. గుమ్మం దాకా వెళ్లి, "మాకున్న ఆ ఒక్కదాన్నీ ఇక్కడుంచం. ఇంకో ఆసుపత్రికి పంపించండి," అని మొగుడికోసం కూడా ఆగకుండా వెళ్లిపోయింది.

ఆ పిండాన్ని గడ్డకట్టించిన గొట్టాన్ని పొగలు కక్కే నత్రజని డబ్బాలో పెట్టి మూత బిగించింది గుడ్లమ్మే. మేస్త్రీ వచ్చి సంతకం పెట్టి, డబ్బాను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని తీసుకెళ్లాడు.

దంపతుల నుంచి ఫిర్యాదు వెళ్లింది. బయటి నుంచి ముగ్గురు విచారణకు వచ్చారు. పలకలో వేడి కొలిచే బిళ్ల తప్పు చోట అతికించి ఉందని తేల్చారు. ల్యాబ్‌కు పెద్దగా ఉన్న గుడ్లమ్మ పదవి తీసేసి, ఆర్నెల్లు ఇంకొకరి కింద పనిచేయమన్నారు. పెద్ద డాక్టరుకు హెచ్చరిక వచ్చింది. ఆయన ఆవిడతో ఆసుపత్రి పని వరకే మాట్లాడేవాడు, ఆ మాటల్లో మాత్రం మర్యాద తగ్గనివ్వలేదు.

విచారణవాళ్లు ఇంకోటి కూడా అన్నారు. ఆ పలక పనిచేసిన తొమ్మిది రోజుల్లో ఇంకా అయిదుగురి అండాలు దాని మీద నుంచి వెళ్లాయి. వాళ్లందరికీ చెప్పాలి. ఎవరు చెప్తారని అడిగితే, గుడ్లమ్మ చెయ్యెత్తింది.

ఒక మధ్యాహ్నం రికార్డుల గదిలో కూర్చుని ఫోన్ ముందు పెట్టుకుంది. చెప్పాల్సిన మాటలు రాసుకుంది, కానీ మొదటి ఫోన్‌లోనే కాగితం పక్కన పెట్టాల్సి వచ్చింది, అవతలి మనిషి అడిగేవి ఆ కాగితంలో లేవు. ఒకావిడ విని, సరేనంది. ఇంకొకావిడ నోటికొచ్చినట్టు తిట్టింది, గుడ్లమ్మ మధ్యలో పెట్టేయకుండా మొత్తం విన్నది. మూడో ఇంట్లో మొగుడు ఫోన్ ఎత్తి, ఆవిడకి చెప్పొద్దని బతిమాలాడు. ఆమె శరీరంలోంచి తీసినవి కాబట్టి ఆమెకే చెప్పాలని, ఆమె వచ్చేదాకా లైనులో ఉంటానని గుడ్లమ్మ అంది. ఉంది.

నాలుగో ఆవిడకు అప్పటికే ఎనిమిదో వారం. క్రోమోజోముల పరీక్ష వద్దనుకుని పిండం పెట్టించుకున్న మనిషి.

"నేనిప్పుడు ఏం చెయ్యాలి?" అంది అంతా విని.

"ఇంకో రెండు వారాలాగితే మీ రక్తంతోనే పరీక్ష చెయ్యొచ్చమ్మా. నేను దగ్గరుండి చేయిస్తాను."

"ఆ రెండు వారాలు ఎలా ఉండమంటారు నన్ను? మీకు మనశ్శాంతి కావాలని నాకు ఫోన్ చేశారు. తెలియకపోతే హాయిగా ఉండేదాన్ని."

గుడ్లమ్మ అయిదో నంబరు కలపడానికి ముందు ముఖం కడుక్కుని వచ్చింది.

డ్రైవరమ్మ పిండం ఇంకో ఆసుపత్రిలో పెట్టారు. అది నిలవలేదు. ఆ సంగతి ఆమే చెప్పింది, విచారణ చివరి రోజు, వరండాలో బల్ల మీద పక్కన కూర్చుని.

"ఇంకోసారి చేయించుకోమంటున్నారు అక్కడ," అంది. "నాకు నలభై నిండుతాయి. నిజంగా ఎంత ఉంటుంది?"

గుడ్లమ్మ అంకెలు చెప్పింది. ఎన్ని అండాలు దొరకొచ్చు, అందులో ఎన్ని తప్పొచ్చు, ఒక్కటీ మిగలని వాళ్లు ఎంతమంది. మెత్తబరచలేదు. డ్రైవరమ్మ వేళ్ల మీద లెక్కేసుకుంటూ విన్నది.

"పన్నెండు నిమిషాలకి మిమ్మల్ని క్షమించేదాన్నే," అంది లేస్తూ. "చెప్పకుండా దాచిన ఆ రెండు వారాలకి కుదరట్లేదు. మధ్యాహ్నం రెండింటికి నాకు డ్యూటీ."

ఆమె మళ్లీ ప్రయత్నించలేదు. ఏడాది తిరిగేసరికి కొత్త డ్రైవర్లకు బస్సు నేర్పే చోటికి మారిందని గుడ్లమ్మకు ఆ దారిలోని కండక్టరు ద్వారా తెలిసింది.

నాలుగో ఆవిడ రక్తపరీక్షలో ఏ తేడా లేదని తేలింది. అయినా బిడ్డ పుట్టేదాకా ఆమె నమ్మలేదట. ఆడపిల్ల, ఆరోగ్యంగా ఉంది. ఆసుపత్రిలోనే ఉన్న పిల్లల విభాగానికి టీకా వేయించడానికి తెచ్చినప్పుడు మెట్ల దగ్గర గుడ్లమ్మ ఎదురుపడింది. ఆ తల్లి గుర్తుపట్టింది. పిల్లను ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుని, పక్కగా దిగి వెళ్లిపోయింది. గుడ్లమ్మ దారిచ్చి గోడవైపు జరిగింది, వాళ్లు గేటు దాటేదాకా అక్కడే నిలబడి, తరవాత పైకి వెళ్లి చేతులు కడుక్కుని పనిలో కూర్చుంది.